రంగూన్‌లో మా పినత్తగారు

"మా పిన్ని చర్చికి వెళ్తున్నారు బ్రదర్," అన్నారు మా ఆయన, వెనక్కి తిరిగి నా మొహం చూడకుండా. వైపర్లు మంచును అటూ ఇటూ తోస్తున్నాయి, హీటరు బుస కొడుతోంది, కారు నడుపుతున్న దైవాశీర్వాదం "స్తోత్రం! స్తోత్రం!" అంటూ స్టీరింగ్ మీద అరచేత్తో చరిచాడు. అయిపోయింది. ఒక్క మాటతో అయిపోయింది. డెట్రాయిట్ ఎయిర్‌పోర్టు దాటి ఐదు నిమిషాలైనా కాలేదు, పెట్టెలు డిక్కీలో సర్దుకోనైనా లేదు, అబద్ధం మాత్రం చక్కగా ముందు సీట్లో సర్దుకు కూర్చుంది. దైవాశీర్వాదం మంచివాడే, ఈ చలిలో ఎవరైనా పిలవకుండానే వచ్చి ఎక్కించుకుంటారా, కాని అతని చెవిన పడ్డ మాట ఆదివారానికి మిషిగన్‌లో ఉన్న తెలుగు సంఘమంతా తిరిగొస్తుంది. సాక్ష్యం చెప్పమంటారు. మా ఆయన సూటు వేసుకుని లేచి నిలబడి, నలభై ఏళ్ళ క్రితం రంగూన్‌లో వదిలేసి వచ్చిన మా పిన్ని ఈనాటికీ ప్రభువును విడువలేదని చెబుతారు, ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటారు. నేను పక్కన కూర్చుని తలూపాలి. ఊపుతానా? ఒళ్ళు మండిపోతోంది. కోటు గుండీలు విప్పాను, మళ్ళీ పెట్టుకున్నాను.

బ్యాంకాక్ నుంచి ఫోన్ చేసినప్పుడైనా చెప్పొచ్చు కదా ఈ మనిషి. "బతికే ఉంది అమ్మా. బాగుంది. మిగతాది విమల వచ్చి చెబుతుంది," అని చేతులు దులుపుకున్నారు. విమల వచ్చి చెబుతుందట. తల్లి ఆయనకి, పిన్ని ఆయనకి, చెప్పాల్సింది మాత్రం నేను. ఏం చెప్పను అత్తయ్యకి? మీ చెల్లెలు కృపావరం గుండు చేయించుకుని, గులాబీ రంగు బట్టలు కట్టుకుని, బుద్ధుడి మఠంలో సన్యాసినిగా ఉంది అత్తయ్యా, అనాలి. ఉన్న సంగతి అది. ఆ మాట వింటే అమ్మ గుండె ఆగిపోతుందని ఆయన భయం. పోయినేడాదే ఒకసారి ఆగినంత పని చేసింది, నేను పనిచేసే హాస్పిటల్లోనే తొమ్మిది రోజులు ఉంచాం. ఆ భయం నాకు లేదనా? నర్సుని, ఆ మానిటర్ మీద గీతలు ఆయన కంటే నాకే బాగా తెలుసు. అయినా ఆ గులాబీ బట్టల మనిషి నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. ఆమెకి నేను జుట్టు అతికించి, చీర కట్టి, చేతిలో బైబిలు పెట్టి, చర్చి బెంచీ మీద ఎలా కూర్చోబెట్టను?

రోజూ సాయంత్రం భోజనానికి ముందు అత్తయ్య ప్రార్థన చేస్తుంది. నేను కాపరానికి వచ్చినప్పటి నుంచి వింటున్నాను, కాకినాడలో విన్నాను, ఇక్కడ మిషిగన్‌లో మా ట్రాయ్ ఊళ్ళో వింటున్నాను. పిల్లల చదువులు, ప్లాంటులో లేఆఫులు, పక్కింటి అమెరికనావిడ నడుంనొప్పి, అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "రంగంలో ఉన్న నా చెల్లెల్ని నీ రెక్కల చాటున కాపాడు తండ్రీ. అన్యుల ఇంట్లో వదిలి వచ్చాను, నీ నామం మరిచిపోనివ్వకు," అంటుంది. రంగూన్ అనదు, రంగం అంటుంది, ఆ కాలపు వాళ్ళందరూ అలాగే అనేవారు. అన్నం ఆరిపోతున్నా మా అమ్మాయి దెబోరా సైతం ఆ మాట వచ్చేదాకా కళ్ళు తెరవదు. వేరే ఎవరి గురించి అడిగినా అత్తయ్య చెబుతుంది. ఆ చెల్లెలి గురించి మాత్రం పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి చెప్పింది, అంతే. యుద్ధంలో జపాను బాంబులు పడ్డాక బియ్యం మిల్లులో పనిచేసే తెలుగువాళ్ళందరూ ఇండియాకి నడక మొదలుపెట్టారట. మావయ్య ఒక మూట, అత్తయ్య ఒక మూట. కృపావరానికి పన్నెండేళ్ళు, ఒళ్ళు కాలిపోయే జ్వరం, కాళ్ళు నిలవడం లేదు. మా ఆయనకి రెండేళ్ళు. ఎత్తుకోగలిగింది ఒకరినే. పక్కింటి బర్మా ఆవిడ, పిల్లని నా దగ్గర ఉంచు, జ్వరం తగ్గాక పంపిస్తానంది. అంతే చెప్పి అత్తయ్య లేచి వెళ్ళి పప్పు చూసుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కన గుర్రు పెట్టి నిద్రపోతున్న ఈ మనిషిని చూస్తూ, ఓహో, ఆ ఒక్కరూ నువ్వేనా, అనుకున్నాను.

ఈ ఫిబ్రవరిలో మా ఆయన పనిచేసే కార్ల ప్లాంటు ఆరు వారాలు మూసేశారు. ఎనభై రెండులో మిషిగన్‌లో ఎవరి ప్లాంటు మూయలేదు కనక! ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆయనే అన్నారు, వెళ్దామా అని. బర్మా వాళ్ళు ఏడు రోజులకే వీసా ఇస్తారు. అత్తయ్యని రమ్మంటే, "నేనా? ఏ మొహం పెట్టుకుని?" అంది. బ్యాంకాక్ ఎయిర్‌పోర్టులో విమానం కోసం కూర్చున్న ఆస్ట్రేలియా కుర్రాళ్ళు, రంగూన్ వెళ్ళేవాళ్ళు ఒక విస్కీ సీసా, ఒక సిగరెట్ కార్టన్ కొనుక్కెళ్ళాలి, అక్కడ టాక్సీవాళ్ళు ఎగబడి కొంటారు, ఆ డబ్బుతో వారం గడిచిపోతుంది అని చెప్పారు. మా ఆయన, సంఘ పెద్ద, పెళ్ళి విందులో ద్రాక్షరసం కూడా వాసన చూసి తాగే మనిషి, అటు ఇటు చూసి కొన్నారు! ఆ సంచి నా చేతికిచ్చి తాను రెండడుగులు ముందు నడిచారు, ఎవరైనా తెలిసినవాళ్ళు కనిపిస్తారేమోనని. బ్యాంకాక్‌లో ఎవరు కనిపిస్తారండీ, కాకినాడ పాస్టరుగారు కనిపిస్తారా, అని నేను నవ్వితే ఆయనకి కోపం. చివరికి రంగూన్‌లో దిగీ దిగగానే టాక్సీ అతను నా చేతిలో సంచి చూసి చేతులు జోడించాడు. అతనికిచ్చేసి బయటపడ్డాం.

అదేం ఊరు! ముందు నేను అనుకున్నది వేరు. బీద ఊరు, మూతపడ్డ ఊరు, వారానికి మించి ఎవరినీ ఉండనివ్వని ఊరు అని చదివి, డబ్బా పాలు, బ్రెడ్డు, దోమల మందు అన్నీ పెట్టెలో కుక్కుకుని వెళ్ళాను. టాక్సీ ఎక్కగానే మా ఆయన చిన్నపిల్లాడైపోయారు. రోడ్డు మీద తిరుగుతున్నవి యుద్ధకాలం నాటి లారీలు, ఆయన పుట్టకముందు డెట్రాయిట్‌లో తయారైన కార్లు. ప్రతి దాని కింద ఒక మెకానిక్ లుంగీ కట్టుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పార్టులు రావు కాబట్టి వాళ్ళే కొట్టి, అరగదీసి, పోత పోసి చేసుకుంటారు. రోడ్డు పక్కన ఆగి ఒక బానెట్ కింద తల దూర్చి ఆయన ఎంతసేపటికీ బయటికి రారే! "విమలా, ఇది చూడు, ఈ కార్బ్యురేటర్ వీడు చేత్తో చేశాడు. మా ఇంజినీర్లని ఇక్కడికి తీసుకొచ్చి నెల్లాళ్ళు కూర్చోబెట్టాలి," అన్నారు. పైగా ఆ దేశంలో పన్నెండేళ్ళ క్రితం ఎవరో పెద్దవాళ్ళు ఒక్క రోజులో, రేపటి నుంచి బళ్ళన్నీ కుడి వైపు నడవాలి అన్నారట. బళ్ళు మాత్రం పాతవే, స్టీరింగ్ కూడా కుడి వైపే, బస్సు తలుపు ఎడమ వైపే. బస్సు దిగితే నడిరోడ్డు మీద దిగాలి. అయినా ఎవరూ హారన్ కొట్టరు, ఎవరూ తిట్టుకోరు, దిగేవాళ్ళ కోసం ఓపిగ్గా ఆగుతారు. ఇక్కడ, ఇదిగో, ఈ ఫ్రీవేలో ఎవడో వెనక నుంచి లైట్లు కొడుతున్నాడు, దైవాశీర్వాదం పక్కకి తప్పుకుంటూ "పోరా బాబూ పో" అంటున్నాడు.

పొద్దున్నే హోటల్ వదిలి నదివైపు నడిచేవాళ్ళం. ఎర్ర ఇటుకల దొరల కాలపు భవనాలు, గోడల పగుళ్ళలోంచి రావి మొక్కలు, అరుగుల మీద ముక్కాలిపీటలంత స్టూళ్ళు వేసి టీ కొట్లు. ఆ స్టూలు మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. టీ అడిగితే ఉత్త టీనీళ్ళు ఇంకో పాత్రలో ఊరికే పెడతారు, ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. చేపల పులుసులో సేమ్యా వేసినట్టు ఒకటి పెట్టారు, మొహింగా అంటారట. అరటి దవ్వ ముక్కలు వేసి, నిమ్మకాయ పిండి, పైన వేయించిన పప్పు చల్లి ఇచ్చారు. పెట్టెలో బ్రెడ్డు పెట్టెలోనే బూజు పట్టింది. ఆడవాళ్ళు చెంపలకి గంధంలాంటి పూత పూసుకుని, జడలో పువ్వు, నోట్లో ఇంత పొడుగు చుట్ట, బజారులో మహారాణుల్లా కూర్చుని బేరాలు చేస్తున్నారు. మగవాళ్ళని చూసి తప్పుకోవడం లేదు, తల దించుకోవడం లేదు. నన్ను చూసి ఒకావిడ నవ్వి, తన గిన్నెలోంచి వేలితో ఆ పూత తీసి నా రెండు చెంపలకీ రాసింది. చల్లగా ఉంది. మా ఆయన ఫోటో తీయబోతే వద్దన్నాను, కాసేపు అలా ఉండనివ్వండి అన్నాను. ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో నా మొహాన్ని ఇంకొకరు అలా చేత్తో ముట్టుకుని ఎన్నాళ్ళయిందో.

ఆ బంగారు గోపురం మాత్రం, ఎటు తిరిగినా వెంట వస్తుంది. ష్వెడగాన్ అనే బుద్ధుడి గుడి. వీధి చివర అది, హోటల్ కిటికీలో అది, నదిలో పడవ మీద నుంచి అది. మనం గుడికెళ్ళే వాళ్ళం కాదు కదా అని మా ఆయన మొదటి రోజు బయటే ఆగారు. మూడో రోజు సాయంత్రం, ఊరికే చూసొద్దామండీ, మ్యూజియం అనుకోండి, అని లాక్కెళ్ళాను. చెప్పులు విప్పి మెట్లెక్కి పైకి వెళ్ళాం. పాలరాతి నేల రోజంతా ఎండకి కాగి అరికాళ్ళకి వెచ్చగా తగులుతోంది. ఆ వెలుగులో చిన్నపిల్లలు పరుగెత్తుతున్నారు, ముసలాయన కేరేజీ విప్పి అన్నం తింటున్నాడు, ఒక జంట గుసగుసలాడుకుంటోంది, ఎవరూ ఎవరినీ ష్ అనడం లేదు. ఇంత పెద్ద దేవుడిల్లు ఇంత ఇల్లులా ఉండొచ్చా? నాకు కళ్ళు నిండిపోయాయి, దాచుకోలేదు. ఆయన మెల్లగా, "అమ్మ చిన్నప్పుడు మిల్లు అరుగు మీద నుంచి దీన్ని చూసేదట," అన్నారు. నాకెప్పుడూ చెప్పని మాట అది.

ఆ మర్నాడు ఆదివారం. తెలుగు చర్చి ఉందని తెలుసు, వెతుక్కుంటూ వెళ్ళాం. నలభై మంది ఉంటారేమో. మా అమ్మమ్మ పాడిన రాగంలో పాడుతున్నారు. మనం ఎప్పుడో మార్చేసి, గిటారు చేర్చి పాడుకుంటున్న పాటలు అక్కడ పాతవి పాతగానే, నెమ్మదిగా, ఒక్కో మాటకి ఆగి ఊపిరి పీల్చుకుంటూ. ఆరాధన అయ్యాక కృపావరం అనే పేరు చెప్పి అందరినీ అడిగాం. రాహేలమ్మ అని తొంభైకి దగ్గర పడ్డ ఒకావిడ మా ఆయన చెయ్యి పట్టుకుని, "బియ్యం మిల్లు దేవకుమారి కొడుకువా?" అంది. అత్తయ్య పేరు వినగానే మా ఆయన ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. "కృప ఉంది నాయనా. మా దాంట్లో లేదు. గులాబీ గుడ్డల్లో ఉంది. క్రిస్మస్‌కి వత్తాది, ఆ గేటు బయట నిలబడి పాటలన్నీ వింటాది. లోపలికి రామంటే నవ్వుతాది, రాదు," అంది. అదీ సంగతి. ఇప్పుడు ముందు సీట్లో కూర్చుని మా ఆయన చెప్పిన అబద్ధానికి ఆధారం ఆ గేటే. నిన్న విమానంలో నాతో వాదించారు కూడా. "చర్చికి వెళ్తోందంటే అబద్ధమేముంది, గేటు దాకా వెళ్తోందిగా," అన్నారు. లాయరు కావాల్సిన మనిషి ఇంజినీరయ్యారు.

మఠం అంటే ఏదో అనుకున్నాను. టేకు స్తంభాల మీద కట్టిన కొయ్య ఇల్లు, కింద కోళ్ళు తిరుగుతున్నాయి, పైన గుండ్లు చేయించుకున్న ఆడపిల్లలు, ఏడేళ్ళ నుంచి పదిహేనేళ్ళ వాళ్ళు, అందరికీ గులాబీ బట్టలే, మమ్మల్ని చూసి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వుకుంటున్నారు. తల్లీ తండ్రీ లేని పిల్లలట అందరూ. కిటికీ దగ్గర చాప మీద జ్వరంతో ఒక పిల్ల పడుకుని ఉంది, దాని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నావిడ తలెత్తింది. అత్తయ్య! అదే ముక్కు, అదే గడ్డం, అదే ఎగాదిగా చూసే చూపు. జుట్టు ఒక్కటే లేదు. మమ్మల్ని అక్కడికి తీసుకొచ్చిన రాహేలమ్మ మనవడు బర్మా భాషలో ఏదో చెప్పాడు. ఆవిడ మా ఆయన కేసి తిరిగింది. తర్వాత తెలుగులో, "నువ్వు సంకలో పిల్లోడివా?" అంది. యాభై రెండేళ్ళ మనిషి నోట్లోంచి పన్నెండేళ్ళ పిల్ల మాట వచ్చింది. ఆవిడ తెలుగు ఆ రోజుతో ఆగిపోయింది, ఎవరితో మాట్లాడుతుంది కనక. "అక్క రాలేదేం? అన్నం తిన్నారా? అక్కకి పళ్ళున్నాయా?" అని అడుగుతుంటే మా ఆయన బొటబొటా కన్నీళ్ళు కార్చారు. నేనే చెప్పాను, ఉన్నాయి పినత్తయ్యా, పై వరస కట్టుడువి అని. పకపకా నవ్వింది. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నాడి చూశాను, మలేరియా అనిపించింది, సంచిలో ఉన్న మాత్రలిచ్చాను. నా చేతికేసి చూస్తూ ఆవిడ, "నాకూ జొరం. అక్క గుడ్డ ఏసేది," అంది.

అక్క తనని వదిలి వెళ్ళిన రాత్రి సంగతి కూడా తనే చెప్పింది, మేం అడగలేదు. దొరికిన నాలుగు తెలుగు ముక్కలతో, చేతులతో, మధ్యమధ్య బర్మా మాటలతో చెప్పింది. అక్క మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చిందట. "నేను కళ్ళు మూసుకున్నాను. నిద్రోయినట్టు. కళ్ళు తెరిస్తే అక్క ఎల్లదు. ఎల్లకపోతే పిల్లోడు సచ్చిపోతాడు," అంది, మామూలుగా, కోడి గంప కింద దూరింది అన్నట్టు. మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయి ఆ మెట్ల మీద కూర్చున్నారు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు, ఆ జపాను విమానాల మీదో, దేవుడి మీదో. పన్నెండేళ్ళ పిల్ల! మా దెబోరా పన్నెండేళ్ళప్పుడు బూట్ల రంగు నచ్చలేదని రెండు రోజులు ఏడ్చింది. ఈవిడ ఒళ్ళు కాలిపోతూ కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టింది. ఆ పెంచిన బర్మా తల్లి పోయాక మఠంలో చేరిందట, తర్వాత ఎక్కడ ఎవరు పిల్లల్ని వదిలేస్తే వాళ్ళని తెచ్చుకుని పెంచుతోందట. ఇప్పటికి ఎంతమంది అని అడిగితే చెయ్యి ఊపేసింది.

లేచేటప్పుడు మా అలవాటు ఉంది కదా, ఏ ఇంటికి వెళ్ళినా ప్రార్థన చేసుకోకుండా గుమ్మం దాటం. ఊరెళ్ళొచ్చిన ప్రతివాళ్ళనీ అత్తయ్య ముందుగా అడిగేది కూడా అదే, ఎవరు ప్రార్థన చేశారు అని. నేను చేతులు జోడించి తల వంచి నిలబడ్డాను, ఆలోచించలేదు, ఒంటికి పట్టిన అలవాటు. ఆవిడ నాకేసి చూసింది. చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, బౌద్ధుల పాళీ భాషలో ఏదో చదవడం మొదలుపెట్టింది. గొంతు సన్నగా, తొణకకుండా. గుండ్ల పిల్లలందరూ వచ్చి వెనక కూర్చుని అందుకున్నారు. ఎంతసేపో తెలియదు. ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా నా భుజాల మీద బరువేదో దిగుతున్నట్టు ఉంది. ఆపగానే నా నోట్లోంచి "ఆమెన్" అని గట్టిగా వచ్చేసింది. నాలుక కరుచుకున్నాను. బుద్ధుడి బొమ్మ ముందు, పాళీ మంత్రానికి ఆమెన్! మెట్ల మీద నుంచి మా ఆయన తల తిప్పి చూశారు. పినత్తగారు ఒక్క క్షణం ఆగి, ముడతలన్నీ విచ్చుకునేలా నవ్వి, "ఆమెన్, ఆమెన్, అది తెలుసు నాకు," అని నా బుగ్గ గిల్లింది. పిల్లలు కూడా ఆమెన్ ఆమెన్ అని అరిచారు. ఇంత హాయిగా నేను ఏ చర్చిలోనూ ఆ మాట అనలేదు.

మా ఇంటికి తిరిగే బిగ్ బీవర్ రోడ్డు ఎగ్జిట్ వచ్చేసింది. రోడ్డు పక్క కుప్పపోసిన మంచు నల్లగా ఉంది. "ఆ కళ్ళు మూసుకున్న సంగతి చెప్పు, అమ్మకి మనసు తేలికపడుతుంది. గుండు సంగతి వద్దు. తన మూలంగా చెల్లెలి ఆత్మ పోయిందని కుమిలి చస్తుంది," అన్నారాయన నిన్న. ఆయన ప్రేమ నాకు తెలుసు. ఆ రెండేళ్ళ పిల్లాడి బరువు నలభై ఏళ్ళుగా ఆయన కూడా మోస్తున్నారు. నిజమే, చెప్పకపోతే ఏం పోయింది? అత్తయ్యకి ఇంకెన్నేళ్ళు? హాయిగా నిద్రపోతుంది. కాని అప్పుడు ఆ మనిషి ఎక్కడ? ఆ గులాబీ పిల్లల అమ్మ ఎక్కడ? ఆత్మ పోయినవాళ్ళు అలా నవ్వుతారా? నేను చూసిన ఊళ్ళన్నిటిలోకి గొప్ప ఊళ్ళో, నేను చూసిన మనుషులందరిలోకి గొప్ప మనిషిని చూసి వచ్చి, ఆమెని మార్చి చెప్పనా? చెబితే అత్తయ్య గుండె? గుండెనొప్పికి వేసే ట్రినిట్రేట్ మాత్రలు వంటింటి అలమరలో ఉన్నాయి, రెండో అరలో. ఇదేం ఆలోచన దేవుడా, మాత్రలు ఎక్కడున్నాయో చూసుకుని మరీ చెబుతానా. మా వీధి మలుపు. వరండా దీపం వెలుగుతోంది.

దెబోరా తలుపు తీసింది. హాల్లో అత్తయ్య చీర మీద రెండు స్వెట్టర్లు, కాళ్ళకి మేజోళ్ళు, ఎప్పటి నుంచి కూర్చుందో ఆ కుర్చీ అంచున. మేం బూట్లు విప్పుకుంటూ ఉండగానే దైవాశీర్వాదం పెట్టెలు దింపి, "అమ్మగారూ, వందనాలండి! మీ సిస్టర్‌గారు చర్చికి వెళ్తున్నారట! ఫార్టీ ఇయర్స్ మీ ప్రార్థన ఊరికే పోలేదు," అన్నాడు. అత్తయ్య అతన్ని చూడలేదు. కొడుకుని చూసింది. కొడుకు పెట్టె తాళం వెతుక్కుంటున్నాడు.

"నువ్వు చెప్పు విమలా," అంది.

నేను వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర తివాచీ మీద కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను, నాడి దొరికేలాగే పట్టుకున్నాను. "చర్చికి వెళ్ళడం లేదత్తయ్యా. గుండు చేయించుకుంది. బుద్ధుడి మఠంలో సన్యాసిని. అమ్మానాన్నా లేని ఆడపిల్లల్ని పెంచుతోంది. మీ ముక్కు, మీ చూపు. నేను ఇంత మంచి మనిషిని చూడలేదు." దైవాశీర్వాదం గోడకి ఆనుకున్నాడు. "విమలా," అన్నారు మా ఆయన, అంతే. నేను ఆగలేదు. ఆ రాత్రి సంగతి కూడా చెప్పేశాను, మూడుసార్లు గుమ్మం, మూసుకున్న కళ్ళు, అన్నీ.

"తెలుసు," అంది అత్తయ్య.

"ఏం తెలుసమ్మా?" అన్నారాయన.

"అది నిద్రపోలేదని. రెప్పలు అదురుతూనే ఉన్నాయి. చూశాను. చూసే వెళ్ళాను." నా చేతిలో ఆమె నాడి పరుగెత్తింది. కంట్లో ఒక్క చుక్క లేదు. మా ఆయన వచ్చి తల్లి పక్కన నేల మీద కూలబడి, ఆమె ఒడిలో తల పెట్టుకున్నారు. నలభై రెండేళ్ళ మనిషి. ఆమె ఆ తల మీద చెయ్యి వేసి, "నన్ను తలుచుకుందా?" అని అడిగింది, నన్ను కాదు, ఎవరినో.

"మఠంలో పిల్లలు చెప్పారు, రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి ప్రార్థనకి కూర్చుంటుందట అత్తయ్యా. మా అక్క బాగుండాలి అని మొదలుపెడుతుందట. ఆ తర్వాతే మిగతా లోకమంతా బాగుండాలని."

"నానమ్మా," అంది దెబోరా వెనక నుంచి. మేం వెళ్ళిన రోజు నుంచీ నానమ్మ కోసం రంగూన్ టైము లెక్క చూసి చెబుతోందట ఆ పిల్ల. "అక్కడ ఫైవ్ ఓ క్లాక్ అంటే ఇక్కడ ఇప్పుడే. లైక్, రైట్ నౌ."

అత్తయ్య గోడ గడియారం కేసి చూసింది. స్వెట్టర్ కింద నుంచి చీర కొంగు లాగి తల నిండా కప్పుకుంది. కళ్ళు మూసుకుంది. దైవాశీర్వాదం తేరుకుని, గొంతు సవరించుకుని, టోపీ తీసి ముందుకొచ్చి, "ప్రార్థన చేసుకుందామమ్మా," అని మొదలుపెట్టబోయాడు.

"ఉండు బాబూ," అంది అత్తయ్య, కళ్ళు తెరవకుండానే చెయ్యి ఎత్తి. "మా చెల్లి చేస్తోంది."